చెట్టుకి ఉగాది ఎప్పుడు

చెట్ల వలయాలు చదివే ల్యాబుల్లో కొత్తగా చేరిన మనవాళ్ళు ఎవరి ద్వారానో నా సంగతి తెలుసుకుని అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, కళ్ళు పాడవుతాయా అని. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. నేను రాసిన ప్రోగ్రాములు నడిచే మెషీన్లు ఇప్పుడు ఎక్కడా లేవు. రెండోదానికి ఉంది: పాడవుతాయి, అందుకని మధ్యమధ్యలో మైక్రోస్కోప్ మీంచి తలెత్తి కిటికీ బయట దూరంగా ఉన్నదేదైనా చూడండి.

వాళ్ళు అడగని ప్రశ్న ఒకటుంది. ఈ పనిలో తప్పు ఎలా జరుగుతుంది? నాకు చెప్పాలని ఉన్నది అదే. ప్రమోషన్లూ, కమిటీలూ, రిపోర్టులూ వదిలేస్తున్నాను. ఒకే ఒక్క సంవత్సరం గురించి రాస్తాను. నేను పుట్టడానికి మూడున్నర శతాబ్దాల ముందే గడిచిపోయిన సంవత్సరం అది. 1601.

పని ఏమిటంటే

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. కాకినాడలో బి.ఇ., అరిజోనాలో ఎమ్మెస్. నాతో చదివినవాళ్ళు చాండ్లర్ చుట్టుపక్కల చిప్‌లు తయారుచేసే కంపెనీల్లో చేరారు. నేను 1979లో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో చేరాను. అక్కడ వలయాలు కొలిచే యంత్రంలో మర అరిగిపోయి ఊగుతోంది, దాన్ని బాగుచేసి కంప్యూటర్‌కి కలపడానికి ఒక మనిషి కావాలి అన్నారు. ఆరు నెలల పని అనుకుని వెళ్ళి, అక్కడే రిటైరయ్యాను.

మేం చెట్టుని కొట్టెయ్యం. బోలుగా ఉండే ఒక బరమాతో బెరడు నుంచి మధ్యదాకా తొలిస్తే పెన్సిలంత చెక్క పుల్ల బయటికి వస్తుంది. చెట్టుకి ఏమీ కాదు. ఆ పుల్లని గాడి తీసిన చెక్కలో జిగురుతో అంటించి, కణాలు కనబడేదాకా గరుకు కాగితంతో రుద్దుతాం. మైక్రోస్కోప్ కింద ఒక లేత పట్టీ, ఒక ముదురు గీత, మళ్ళీ లేత పట్టీ, మళ్ళీ ముదురు గీత. లేతా ముదురూ కలిపి ఒక ఏడు. బాగున్న ఏడు వెడల్పు, కష్టపడిన ఏడు ఇరుకు. ప్రతి పదో ఏటికి సూదితో ఒక చుక్క పెడతాం. యాభైకి రెండు, నూరుకి మూడు. పుల్ల మీద మూడు చుక్కలు కనిపిస్తే శతాబ్దం మారిందన్నమాట.

అప్పట్లో నా రూమ్మేట్ భాస్కర్. వరంగల్ మనిషి, చిప్‌ల కంపెనీలో పని. సాయంత్రం నేను ఇంటికి రాగానే మొదలుపెట్టేవాడు.

"ఏంరా కామేశం, ఇయ్యాల ఎన్ని గీతలు లెక్కబెట్టినవ్?"

"నీకెందుకురా."

"అరె, అడిగితె తప్పా? మా దగ్గర గీత తప్పు బోతే వేఫర్ పలక మొత్తం పారేస్తం. నీ దగ్గర తప్పు బోతే ఏమైతది? చెట్టొచ్చి కేసేస్తదా?"

తప్పు పోతే ఏమవుతుందో నాకూ అప్పటికి సరిగ్గా తెలియదు.

లెక్కపెట్టడం కాదు

వలయాలకి సంవత్సరాలు వేసే విభాగమంతా మార్జరీ చేతిలో ఉండేది. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి. పొట్టిగా, ఎండకి కందిపోయిన మొహంతో, కొండలెక్కే బూట్లు ల్యాబ్‌లో కూడా వేసుకుని తిరిగేది. నేను చేరిన మొదటి వారమే ఒక పుల్ల చేతికిచ్చి దీని వయసెంతో చెప్పమంది. నేను మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ ఒకే అంకె వచ్చింది. ఎంతో ధీమాగా చెప్పాను.

"లెక్క సరిపోయింది, వయసు తప్పు" అంది.

"అదెలా?"

"మధ్యలో ఒక ఏడు కరువొచ్చింది. ఆ ఏడు ఈ చెట్టు ఈ వైపు వలయమే వెయ్యలేదు. కొన్ని చెట్లు ఒకే ఏడు రెండు వేస్తాయి. చెట్టుకి మన కేలెండర్ తెలియదు, రావ్. పక్క చెట్టుతో పోల్చు. దాని పక్కదానితో పోల్చు. వెడల్పూ ఇరుకుల వరస అన్నిటిలోనూ కలిసినప్పుడే ఏడు పేరు పెట్టు."

ఈ ఉద్యోగం మొత్తం ఆ మాటల్లో ఉంది. ఒక్క వలయం తప్పిపోతే, దాని వెనకున్న ప్రతి ఏడూ ఒక అడుగు జరిగిపోతుంది. కరువు ఒకరి కాలం నుంచి ఇంకొకరి కాలంలోకి పోతుంది. ఎక్కడో ఒక పుస్తకం రాసేవాడు మీ అంకె నమ్మి ఆ కరువుని వేరే రాజు నెత్తిన వేస్తాడు. కొత్తవాళ్ళు ఇది నమ్మరు. కంప్యూటర్ పోలుస్తుంది కదా అంటారు. కంప్యూటర్ మీరు ఇచ్చిన రెండు వరసల్ని పోలుస్తుంది. మీరిచ్చింది ఏమిటో దానికి తెలియదు.

గోడ మీద ప్లవ

ఇక 1601. పడమటి కొండల్లో, ఇంకా పైకి వెళ్తే చెట్టన్నది మొలవని ఎత్తులో, బ్రిసల్‌కోన్ పైన్ అనే చెట్లు వేల ఏళ్ళు బతుకుతాయి. వలయం పెరుగుతున్న రోజుల్లో గట్టి మంచు పడితే అప్పుడే పుట్టిన కణాలు చితికిపోయి, నలిగినట్టు ఒక మచ్చ మిగిలిపోతుంది. మా ల్యాబ్‌లో అందరికీ కంఠతా వచ్చిన మచ్చలు కొన్ని ఉండేవి. మూడు చుక్కలున్న 1600 పక్క వలయంలోది వాటిలో ఒకటి. ఆ వేసవి వేసవిలా లేదని ఆ చెట్లు చెబుతున్నాయి.

నాకు జాబితాలు రాసే జబ్బుంది. ఆ మచ్చ చూశాక లైబ్రరీకి పోయి, ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచంలో ఏమేం జరిగిందో వెతికి రాసుకున్నాను. రష్యాలో వేసవంతా వాన, కోతకి ముందే మంచు, పైరు పచ్చిగా ఉండగానే చచ్చిపోయింది. అక్కడ మొదలైన కరువు మూడేళ్ళు సాగి లక్షలమందిని తీసుకుపోయింది. స్వీడన్‌లో పంట దక్కలేదు. ఫ్రాన్స్‌లో ద్రాక్ష కోత ఆలస్యమైంది. అసలు సంగతి అంతకుముందు ఏడాది ఫిబ్రవరిలో జరిగింది: పెరూలో ఒక అగ్నిపర్వతం బద్దలైంది. ఆ బూడిద ఆకాశానికెక్కి ఎండని అడ్డుకుని ఉంటుందని కొందరికి అనుమానం. అప్పటికది అనుమానమే, గట్టి ఆధారాలు చాలా ఏళ్ళ తరవాత వచ్చాయి. ఇవి కాక ఆ ఏడు లండన్ నుంచి మిరియాల కోసం ఒక కొత్త కంపెనీ ఓడలు మొదటిసారి తూర్పుకి బయల్దేరాయి. మన దక్కన్‌లో అసీర్‌గఢ్ కోట జనవరిలో మొగలుల చేతికి వచ్చింది. గోల్కొండ వాళ్ళు కట్టుకున్న హైదరాబాదుకి అప్పుడు పదేళ్ళు. అన్నిటి కిందా, నా కోసం, 'ప్లవ నామ సంవత్సరం' అని తెలుగులో రాసి కాగితం గోడకి అంటించాను.

మార్జరీ వచ్చి నిలబడి మొత్తం చదివింది.

"ఈ కోటకీ నీ చెట్టుకీ ఏమిటి సంబంధం?"

"ఏమీ లేదండీ. అదే ఏడాది జరిగింది కాబట్టి రాశాను."

"అదే నా భయం. ఒకే కాగితం మీదుంటే అన్నీ చుట్టాల్లా కనబడతాయి." కాగితం గోడ మీంచి తీసి తన సొరుగులో పెట్టేసుకుంది. "ఏ వలయం ఏ ఏడో తేలేదాకా ఈ గదిలో చరిత్ర ఉండకూడదు. తేలాక కావలసినంత చదువుకో."

నాకు కోపం వచ్చింది. రెండేళ్ళ తరవాత ఆ మాటకి అర్థం తెలిసింది.

ఎలేనా

ఎలేనా పెరూలోని అరెకిపా నుంచి పిహెచ్.డి.కి వచ్చింది. ఆ అగ్నిపర్వతం బూడిద రోజుల తరబడి కురిసిన ఊరు అది. పట్టపగలు దీపాలు పెట్టుకున్నారని, పాపం పండిందని ఊరంతా రోడ్డు మీద పడి ఏడ్చిందని వాళ్ళ అమ్మ చెప్పేదట. ఆ తల్లి చిన్నపిల్లలకి బడిలో పాఠాలు చెప్పే టీచరు. "మా అమ్మకి నా థీసిస్ అంటే మా ఊరి కథ. ప్రపంచమంతా మాతో పాటు చీకట్లో కూర్చుందని రుజువు చెయ్యమని పంపించింది" అని ఎలేనా నవ్వుతూ అనేది. నవ్వినా అది నవ్వులాట కాదని మాకు తెలుసు.

భూమధ్యరేఖకి పైనున్న ఉత్తరాది చెట్లలో మచ్చ ఉంది. దక్షిణాన కూడా ఆ చలి తగిలిందా అన్నది ఆమె ప్రశ్న. చిలీ దక్షిణపు అడవుల్లో రెండు సీజన్లు తిరిగి పుల్లలు తెచ్చింది. అవి చాలవని, వేరే బృందం ఎప్పుడో అవే అడవుల్లో తీసి కొలిచి, సంవత్సరాలు వేసి మా స్టోర్‌లో భద్రపరిచిన పాత పెట్టెల అంకెలు కూడా కలిపింది. అన్నిటినీ కలిపి సగటు తీసే ప్రోగ్రామ్ నాది.

1983 ఫిబ్రవరిలో గ్రాఫ్ బయటికి వచ్చింది. చూస్తే చప్పగా ఉంది. 1601 దగ్గర ఏమీ లేదు. ఆ మాటకొస్తే ఎక్కడా ఏమీ లేదు. మంచి ఏళ్ళు మంచివిగా లేవు, చెడ్డవి చెడ్డవిగా లేవు.

ఆమె గైడు ప్రొఫెసర్ కెస్లర్ కాగితం చాలాసేపు చూశాడు.

"దక్షిణాన చలి తగల్లేదు అని ఈ గ్రాఫ్ చెబితే సరే అనేవాణ్ణి. ఇది ఏమీ చెప్పడం లేదు, ఎలేనా. దీన్ని మేలో పరీక్ష కమిటీ ముందు పెడితే పుల్లలకి ఏళ్ళు వెయ్యడమే నీకు రాదంటారు."

"ఇంకో సీజన్ చిలీ వెళ్ళి వస్తే?"

"నీ ఫెలోషిప్ వేసవితో అయిపోతుంది. వీసా దానితోనే అయిపోతుంది. ఆ తరవాత నేనేమీ చెయ్యలేను."

కెస్లర్ చెడ్డవాడు కాడు. ఆ మాట అనడానికి అతనికీ కష్టమైందని నాకు కనిపించింది. మేలో గట్టెక్కకపోతే నాలుగేళ్ళ పని వదిలేసి, డిగ్రీ లేకుండా ఎలేనా ఇంటికి పోవాలి. సంగతి అంతే.

జంటలు

ప్రోగ్రామ్‌లో తప్పుందేమోనని మొదట నన్ను నేను అనుమానించాను. అది మంచి అలవాటు, చేసుకోండి. కోడ్ చేసే లెక్క మొత్తం చేత్తో వేసి చూశాను, సరిగానే ఉంది. అప్పుడు నాకు తెలిసిన వైద్యం చేశాను. గ్రాఫ్ పక్కన పెట్టి, కాస్తో కూస్తో ఇరుగ్గా ఉన్న ఏళ్ళన్నీ వరసగా జాబితా రాశాను.

రాస్తుంటే ఒకటి కనిపించింది. ఇరుకు ఏళ్ళు ఒంటరిగా రావడం లేదు. ప్రతిదానికీ పక్కనే ఇంకొకటి ఉంది. రెండూ అరకొరగానే ఇరుకు. నలభై తొమ్మిదిలో ఉంటే యాభైలోనూ ఉంది. వెడల్పు ఏళ్ళూ అంతే, జంటలు జంటలుగా ఉన్నాయి. ఏ దేశపు వాతావరణమూ అలా జత కట్టి నడవదు.

మార్జరీకి చూపించాను. "బావుంది. ఎందుకో చెప్పు" అంది. నాకు తెలియలేదు. ఎక్కడో ఒక వలయం తప్పిపోయి ఉంటే అక్కణ్ణించి వెనక్కి మాత్రమే పాడవ్వాలి. ఇక్కడ బెరడు నుంచే జంటలు మొదలయ్యాయి.

దుందుభి

ఆ శనివారం భాస్కర్ ఇంటికి వెళ్ళాను. అతనికి అప్పటికి పెళ్ళయి, చాండ్లర్‌లో అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు. ఆ నెల మొదట్లోనే పాప పుట్టింది. బారసాలకి తెలిసిన తెలుగువాళ్ళందరినీ పిలుస్తున్నారు. తెలుగు టైపు దొరకదు కాబట్టి కార్డు నేను గుండ్రంగా చేత్తో రాస్తే దాన్ని జిరాక్స్ తీయించాలని ఏర్పాటు. భాస్కర్ భార్య వసంతది తెనాలి.

"రాయి" అన్నాడు భాస్కర్. "స్వస్తిశ్రీ రుధిరోద్గారి నామ సంవత్సర..."

"ఆగండాగండి" అంది వసంత లోపలి గదిలోంచి, పాపని ఎత్తుకునే వచ్చి. "రుధిరోద్గారి ఎక్కడిది?"

"ఎనభై మూడు గదా. కేలెండర్ల అదే ఉన్నది."

"ఉంటుంది, ఏప్రిల్ నుంచి. పాప పుట్టింది ఫిబ్రవరిలో. ఉగాది వచ్చిందా ఏమన్నా? ఇంకా దుందుభే నడుస్తోంది."

"ఏదైతేంది, సంవత్సరమైతే ఎనభై మూడే గదా."

"మీ ఆఫీసుకి ఎనభై మూడు. దీనికి దుందుభి. ఏమండీ, రక్తం కక్కేదని అర్థం వచ్చే పేరు పిల్ల బారసాల కార్డు మీద ఎవరన్నా వేస్తారా? అదీ తప్పు లెక్కతో? కామేశ్వర్రావు గారూ, మీరు దుందుభి రాయండి."

"గట్లనే రాయిరా" అన్నాడు భాస్కర్. "ఈ ఇంట్ల నా కేలెండర్ చెల్లదు."

నేను 'దుందుభి' రాశాను. ఒక ఫిబ్రవరికి రెండు పేర్లు. ఏ పేరు పడుతుందన్నది ఏడు ఎక్కడ మొదలయిందంటామో దాన్ని బట్టి. అగ్నిపర్వతం బద్దలైన 1600 ఫిబ్రవరి కూడా అంతే. మన లెక్కలో అది శార్వరి కాదు, ఇంకా వికారి నడుస్తోంది. మరి చెట్టుకి?

ఇక్కడి చెట్టుకి ఇబ్బంది లేదు. వసంతంలో పెరగడం మొదలుపెట్టి ఆకు రాలే కాలానికి ఆపేస్తుంది. ఒక కేలెండర్ ఏడాదిలోనే పనంతా అయిపోతుంది. చిలీలో రుతువులు తలకిందులు, అక్కడి చెట్టు నవంబరులో మొదలుపెట్టి మార్చిలో ఆపుతుంది. మధ్యలో జనవరి ఒకటి దాటుతుంది. దాని వలయం రెండేళ్ళ మీద కూర్చుంటుంది.

సోమవారం పొద్దున్నే ఎలేనా బల్ల దగ్గరికి వెళ్ళాను.

"మీ వైపు చెట్టుకి కొత్త సంవత్సరం ఎప్పుడు?"

"ఇదేం ప్రశ్న? నవంబరనుకో."

"ఆ వలయానికి ఏ ఏడు పేరు పెట్టావు? మొదలైనదా, పూర్తయినదా?"

"మొదలైనది. దక్షిణాదికి అదే పద్ధతి. అందరూ అంతే చేస్తారు."

"పాత పెట్టెల వాళ్ళు కూడానా?"

ఎలేనా లేచి స్టోర్‌లోకి వెళ్ళి ఒక పాత పుల్ల తెచ్చి మైక్రోస్కోప్ కింద పెట్టింది. దాని మీద తీసిన ఏడూ నెలా రాసి ఉన్నాయి. నెల మార్చి. బెరడు పక్కన ఆఖరి వలయానికి వాళ్ళు అదే ఏడు వేశారు. ఎలేనా లెక్కలో దానికి వెనకటి ఏడు పడాలి. ఇద్దరిదీ తప్పు కాదు. ఎవరి ఉగాది వాళ్ళు పెట్టుకున్నారు. నా ప్రోగ్రామ్ ఆ రెండిటినీ కలిపి సగటు తీసింది. ప్రతి చెడ్డ ఏడూ సగం సగంగా చీలి రెండేళ్ళకి పంచుకుపోయింది.

కాగితం కింద

కెస్లర్ ఎంత సంతోషించాడంటే, "పాతవన్నీ ఒక ఏడు వెనక్కి జరిపెయ్యి, రావ్. మధ్యాహ్నానికల్లా 1601 ఎలా ఉందో చూద్దాం" అన్నాడు.

"చూడం" అంది మార్జరీ.

"ఎందుకని?"

"ఒక పుల్ల మీద మార్చి అని ఉంది. మిగతావి? ఒక ఏడు జరపడం సరైనదని మిగతా ఏళ్ళు చెప్పాలి. 1601 చెప్పకూడదు. ఈ అమ్మాయికి ఆ ఏడు ఇరుకు కావాలి. నీకూ కావాలి. నాకూ కావాలి. మనకి కావలసినదాన్ని సాక్షిగా పిలవకూడదు."

ఎలేనా కూర్చుని, 1600కీ దాని ముందూ వెనక వలయాలకీ సరిపడా నల్ల కాగితం ముక్కలు కత్తిరించింది. ప్రతి పుల్ల మీదా ఆ మూడు ఏళ్ళూ మూసేశాం. ప్రోగ్రామ్‌లో ఆ మూడు అంకెల చోట ఖాళీ పెట్టాను. తరవాత పాత పుల్లల్ని ఒక్కొక్కటిగా ఆమె పుల్లలతో పోల్చాం. మార్జరీ విడిగా, ఎలేనా విడిగా చూసేవాళ్ళు. ఇద్దరూ ఒప్పుకున్నదే నేను ఎక్కించేవాణ్ణి. కొన్ని వారాలు పట్టింది. పాతవి మొత్తం ఒక ఏడు వెనక్కి జరిపితేనే వరసలు కలిశాయి. జంటలు పోయాయి. ఇరుకు ఏళ్ళు ఒంటరిగా, లోతుగా నిలబడ్డాయి. చప్పగా ఉన్న గ్రాఫ్‌కి ప్రాణం వచ్చింది. నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అంత అందమైన గ్రాఫ్ మళ్ళీ చూడలేదు.

అప్పుడు కాగితాలు తీశాం.

మొదటి పుల్లలో ఆ మూడు వలయాలూ మామూలువే. రెండోదాంట్లోనూ అంతే. ఎలేనా ఒక్కొక్క ముక్కా ఒలుచుకుంటూ పోయింది. ఏదీ ఇరుకు కాదు, ఏదీ నలగలేదు. ఉత్తరాన వేసవి విరిగిన ఆ రోజుల్లో, ఈ అడవి ఎప్పటిలాగే తన పని తను చేసుకుంది.

చివరిది చూసి ఎలేనా కుర్చీ వెనక్కి జరిపింది. మార్జరీ సొరుగు తెరిచి, రెండేళ్ళ కిందట నా దగ్గర లాక్కున్న కాగితం తీసి ఆమెకిచ్చింది. ఎలేనా రష్యా మంచు, స్వీడన్ పంట, ఫ్రాన్స్ ద్రాక్ష అన్నీ చదివింది. మిరియాల ఓడల దగ్గరా, కోట దగ్గరా కూడా ఆగింది.

"ఆ బూడిద అంత దూరం వెళ్ళింది" అంది. "మా దిక్కునున్న చెట్లకి తెలియలేదు."

 కెస్లర్ అన్నాడు. "దక్షిణం అధ్యాయం తీసెయ్. ఉత్తరాది మచ్చలతో థీసిస్ నిలబడుతుంది. కమిటీ నిన్ను అడగదు."

అది మోసం చెయ్యమనడం కాదని మీరు గుర్తించాలి. డిగ్రీకి అది నిజంగానే సరిపోయేది. ఆ పిల్ల ఇంటికి ఖాళీ చేతులతో పోకూడదనే అతను అన్నాడు. ఇలాంటి సలహా మీకూ ఎప్పుడో ఒకసారి వస్తుంది. మీ మంచి కోరేవాళ్ళ దగ్గర్నుంచే వస్తుంది.

"తీసేస్తే ఇంకో పదేళ్ళకి ఎవరో మళ్ళీ అక్కడికి వెళ్ళి ఇవే చెట్లు తొలుస్తారు" అంది ఎలేనా. "ఉంచుతాను."

"కమిటీలో కొందరికి నచ్చకపోవచ్చు. లేనిదాని మీద ఇంత పెద్ద అధ్యాయమా అంటారు."

"అననీండి."

మార్జరీ నా వైపు తిరిగి, గ్రాఫ్ పెద్ద సైజులో ఇంకొకటి ప్రింట్ చెయ్యమంది. దక్షిణం, ఉత్తరం ఒకే పేజీ మీద పైనా కిందా రావాలంది.

మేలో

పరీక్ష రోజున ల్యాబ్ వాళ్ళు వెనక వరసలో కూర్చోవచ్చు. నేను నా గ్రాఫ్ పడిపోకుండా చూసే నెపంతో ముందుకి జరిగి కూర్చున్నాను. ఎలేనా గంటసేపు చెప్పింది. రెండు ఉగాదుల సంగతి చెప్పింది, నల్ల కాగితాల సంగతి చెప్పింది, తీశాక ఏమీ కనబడలేదని చెప్పింది. వేరే డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి అడిగాడు.

"అయితే మీ అగ్నిపర్వతం దక్షిణాన ఏమీ చెయ్యలేదని మీ నిర్ణయం. అంతేనా?"

"కాదండీ."

"మరి?"

"నేను చూసిన చెట్లకి తెలియలేదు. అంతవరకే నేను చెప్పగలను."

"నాలుగేళ్ళకి ఇది కొంచెం చిన్న వాక్యం కదా?"

"చిన్నదే" అంది ఎలేనా. "కానీ ఇదివరకు ఎవరూ ఈ వాక్యం కూడా చెప్పలేకపోయారు. గ్రాఫ్ జంటలుగా ఉన్నప్పుడు నేను కూడా చెప్పలేకపోయాను."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని గ్రాఫ్‌లో రెండు వరసలూ వేలితో పోల్చుకుంటూ వెళ్ళాడు. తరవాత కమిటీ వాళ్ళు మమ్మల్ని బయటికి పంపించి తలుపు వేసుకున్నారు. వరండాలో ఎలేనా గోడకానుకుని కళ్ళు మూసుకుంది. నేను మాట్లాడదామనుకుంటే మార్జరీ వద్దన్నట్టు చూసింది. తలుపు తీసి కెస్లర్ బయటికి వచ్చాడు. ఎలేనా చెయ్యి పట్టుకుని ఊపుతూ "డాక్టర్" అన్నాడు. 

మార్జరీ మమ్మల్ని తన గదికి తీసుకెళ్ళి ఆపరేటర్‌తో పెరూకి కాల్ బుక్ చేయించింది. లైన్ కలిసేసరికి చాలాసేపైంది. ఎలేనా నిలబడే మాట్లాడింది. నాకు స్పానిష్ రాదు. మొదట అటు నుంచి ఏడుపో నవ్వో తెలియని అరుపు వినిపించింది. తరవాత ఎలేనా గొంతు తగ్గించి ఏదో వివరంగా చెప్పింది. 'నో' అనే మాట నాకర్థమైంది, అది మళ్ళీ మళ్ళీ వచ్చింది. అవతలి గొంతు పెద్దదైంది. బడిలో పిల్లల్ని అదిలించి అదిలించి గట్టిపడిన గొంతు. ఎలేనా రిసీవర్ మీద చెయ్యి అడ్డం పెట్టి మా వైపు తిరిగింది.

"డిగ్రీ వచ్చిందంటే ఏడ్చింది. చెట్లకి తెలియలేదంటే ఒప్పుకోవడం లేదు."

"ఏమంటోంది?" అన్నాడు కెస్లర్.

"నేను వెళ్ళింది లోయలోకట. అక్కడ వెచ్చగా ఉంటుందట. ఇంకా పైన, చలికి బతకలేక బతికే చెట్లుంటాయి కదా, వాటిని ఎందుకు అడగలేదంటోంది."

మార్జరీ గోడ మీదున్న మ్యాప్ వైపు చూసింది, ఎలేనా వైపు చూసింది.

"ఉన్నాయని చెప్పు" అంది. "అడగడానికి ఎప్పుడు వెళ్తున్నావో అది నువ్వే చెప్పు."

ఎలేనా రిసీవర్ మీంచి చెయ్యి తీసి, ఊపిరి పీల్చుకుని, "మామా" అంది. తరవాత చెప్పినదాంట్లో నాకు ఒక్క మాటే తెలిసింది. నవంబర్.